బల్లి వేళ్ళు లెక్కపెట్టారా?

బల్లి పేరు వినగానే మీలో సగం మంది ముఖం చిట్లించే ఉంటారు. నేనూ అంతే. మా మర్రిపాడులో బల్లి మీద పడితే పంచాంగం తీసి ఫలం చూసుకుని, తలస్నానం చేసే ఇల్లు మాది. కంచికి వెళ్ళి బంగారు బల్లిని ముట్టుకొచ్చినదాన్ని. అలాంటి నాకు డాలస్‌లో పదేళ్ళ మనవడు గాజుపెట్టెలో బల్లిని చూపించి "మనదే అమ్మమ్మా" అంటే ఎట్లా ఉంటుంది చెప్పండి! లెపర్డ్ గెకో అంట. ఒంటినిండా చిరుతపులి మచ్చలు. మన గోడబల్లికి లేని కనురెప్పలు దీనికున్నాయి. గోడలు మాత్రం ఎక్కలేదు.

నేనక్కడ ఉండగానే అది కుబుసం విడిచింది. ఒళ్ళు తెల్లగా పాలిపోయి, పొరని నోటితో లాక్కుని తానే తినేసింది. అది మామూలేనంట. రెండు రోజుల తర్వాత చూస్తే ముందుకాలి వేలికి తెల్లదారం చుట్టినట్టు పొర మిగిలి ఉంది. మా అమ్మాయికి చెప్తే, "వాడి బల్లి, వాడే చూసుకుంటాడులే అమ్మా, బాధ్యత తెలియాలి" అంది.

వారం తిరక్కుండా వేలికొన నల్లబడింది. మిగిలిన పొర ఎండి బిగుసుకుంటే నెత్తురు ఆడదు, వేలు చచ్చిపోతుంది. డాక్టరు దగ్గరికి పోయేసరికి ఆలస్యమైంది. తోక తెగితే మళ్ళీ మొలుస్తుంది, వేలు మొలవదు. పిల్లాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. "నావల్లే కదా" అని ఒకటే ఏడుపు.

వాడివల్ల కాదు. పదేళ్ళవాడికి ప్రాణమున్నదాన్ని కొనిచ్చి, తప్పు జరిగాక బాధ్యత నీదే అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. హోంవర్కు పక్కన కూర్చుని చేయించే తల్లి బల్లిపెట్టె దగ్గరా ఐదు నిమిషాలు కూర్చోవాలి.

మాది మెట్ట ఊరు. ఎండాకాలం నేల నెర్రెలిచ్చినా బల్లులు నీళ్ళకుండ వెనకో, స్నానాలగదిలోనో చెమ్మ వెతుక్కుంటాయి. హీటరు వేసిన ఇంట్లో, గాజుపెట్టెలో ఉన్నది ఎక్కడికి పోతుంది? మూతున్న డబ్బాకి అది దూరేంత కన్నం చేసి, లోపల తడిపిన పేపర్ టవల్ పరిస్తే చాలు. తడి ఆరకూడదు, బూజు పట్టకూడదు. కుబుసం విడిచిన ప్రతిసారీ ఇరవై వేళ్ళూ, తోక కొసా చూడాలి. పొర మిగిలితే పొట్ట తడిసేంత గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట ఉంచి, తడి దూదిపుల్లతో మెల్లగా దొర్లించాలి. దగ్గరే ఉండాలి సుమా. పొడిగా ఉన్నప్పుడు లాగితే తోలు ఊడొస్తుంది. వాపు గానీ నలుపు గానీ కనిపిస్తే ఇంటి వైద్యం వద్దు, డాక్టరుకి చూపించాలి. ప్రతిసారీ పొర మిగిలిపోతున్నా అంతే, తిండిలోనో ఒంట్లోనో లోపం ఉండొచ్చు.

మొన్న ఫోన్లో అడిగాను, "కుబుసం విడిచిందన్నావే, వేళ్ళు లెక్కపెట్టావా నాయనా?" అని.

"పంతొమ్మిదిన్నర అమ్మమ్మా. ఈసారి అమ్మే లెక్కపెట్టింది."