చెరకు ఆగదు, పసుపు ఆగుతుంది

వ్యాపారంలో పైకి రావడమెలాగో చెప్పే ప్రతి ఉపన్యాసంలోనూ చైనా సేనాని సన్ జూ తగులుతాడు. రెండువేల ఏళ్లు దాటిన ఆయన ‘యుద్ధకళ’లో 13 అధ్యాయాలున్నాయి. మనవాళ్లు ఎత్తులు, మాయలు, శత్రువును ఏమార్చడం మాత్రం చదువుకుని, రెండో అధ్యాయాన్ని దాటేస్తారు. అందులో ఉన్నది ఖర్చుల పద్దు. రథాలకెంత, తిండికెంత, పోరు సాగినకొద్దీ ఖజానా ఎట్లా కరిగిపోతుందో లెక్కగట్టాడు. ఆ పద్దు జగిత్యాల జిల్లా ముత్యంపేట రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ నిజాం షుగర్స్‌ది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు కంపెనీకి పోయింది, 49 శాతం ప్రభుత్వానికి మిగిలింది. 2015 డిసెంబరులో బోధన్, మెదక్ యూనిట్లతో పాటు దీనికీ లేఆఫ్ ప్రకటించారు. తర్వాత ధర్నాలు, పాదయాత్రలు, హామీలు. 2024 జనవరిలో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ.

ఇన్నేళ్లు ఎవరు ఆగగలిగారన్నదే అసలు సంగతి. నరికిన చెరకు ట్రాలీలో ఒక రోజు ఎండితే బరువు తగ్గుతుంది, చక్కెరా తగ్గుతుంది. గానుగ మూసుకున్నవాడికి ఆ తొందర లేదు. కోట ముందు ఏళ్లతరబడి కూర్చోవద్దనే సన్ జూ కూడా చెప్పాడు. రైతులు ఆయన్ను చదవకుండానే వరికి, మక్కకు, పసుపుకు మళ్లారు.

పసుపు తీరు వేరు. తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఎండబోసి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టి, కాడి వేరు, గోళ వేరు చేస్తే బస్తాల్లో నెలల తరబడి నిలవుంటుంది. ధర లేదా, ఇవాళ అమ్మకపోతే కొంప మునగదు. ఆ ఓపిక ఉన్న రైతులే 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఒక ఎత్తు వేశారు. కోరుట్ల, జగిత్యాల కూడా ఉన్న నిజామాబాద్ స్థానంలో మొత్తం 185 మంది బరిలో నిలిస్తే, అందులో 178 మంది రైతులే. పసుపు బోర్డు, మద్దతు ధర కావాలని. ఇంతమంది ఉంటే పేపరు బ్యాలెట్ పెట్టక తప్పదనుకున్నారు. ఎన్నికల సంఘం కొత్త రకం యంత్రాలు తెచ్చి, ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చింది. ఎత్తు పారలేదనుకోవచ్చు. కానీ సిట్టింగ్ ఎంపీ కవిత ఓడారు, పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు రాసిచ్చిన ధర్మపురి అర్వింద్ గెలిచారు. బోర్డు మొదలయ్యేసరికి 2025 సంక్రాంతి వచ్చింది. మద్దతు ధర మాత్రం రాలేదు.

సన్ జూతో నాకొక పేచీ ఉంది. ఆయన లోకంలో అవతలివాడు ఓడితే మనం గెలిచినట్టే. చక్కెర ఫ్యాక్టరీకి, చెరకు రైతుకు ఆ లెక్క పొసగదు. ఇప్పుడు గేటు తెరిచినా గానుగకు చెరకేది? చేతికి రావడానికి ఏడాది పట్టే పంటను, కొనేవాడెవరో తేలకుండా ఎవరు నాటుతారు? మిల్లు నడుస్తుందని నమ్మకం కుదిరాక నాటుతామని రైతు, చెరకు చూపిస్తే నడుపుతామని అవతలివాళ్లు అనుకుంటే ఇంకో పదేళ్లు ఇట్లాగే పోతాయి. ముందడుగు ప్రభుత్వమే వేయాలి. నాటే ముందే కొనుగోలు ధర, చెల్లింపు గడువు, మిల్లు ఆలస్యమైతే వేరే ఫ్యాక్టరీకి తోలే కిరాయి రాతపూర్వకంగా ఇవ్వాలి. బాండు పేపరు మీదైనా సరే.