సుకుమారమా? ఆటిజమా?

సన్నాయి మోత, దీపాల వెలుగు, మల్లెల ఘాటు, బంధువుల పలకరింపులు. ఈ పెళ్లి సందడికి తాళలేక ఇద్దరు స్త్రీలు పెరటి గదిలోకి వెళ్లి కూర్చున్నారనుకోండి. "మరీ సుకుమారం!" అని లోకం ఇద్దరినీ ఒకే గాటన కట్టివేస్తుంది. కాని ఇద్దరి స్థితీ ఒకటి కాకపోవచ్చు.

మొదటి ఆమెది అతి సున్నితత్వం కావచ్చు. అమెరికన్ మనస్తత్వవేత్త ఎలేన్ ఆరన్ 1996లో వెలువరించిన గ్రంథంతో ఈ భావన ప్రచారంలోకి వచ్చింది. ఇది వ్యాధి కాదు, స్వభావం. ఇంద్రియాలకు తోచిన ప్రతిదానినీ మనస్సు లోతుగా తరచి చూస్తుంది. అందువల్ల త్వరగా అలసిపోతుంది. కాసేపు ఏకాంతం దొరికితే ఆమె తేరుకుంటుంది. అత్తగారి మౌనంలోని అలకను ఎవరూ చెప్పకుండానే పసిగడుతుంది.

రెండవ ఆమెది ఆటిజం కావచ్చు. చప్పుడు ఆగినా ఆమె శ్రమ ఆగదు. ఎప్పుడు నవ్వాలి, ఎంతసేపు కళ్లలోకి చూడాలి, "ఒకసారి మా ఇంటికి రండి" అన్నది ఆహ్వానమా, మర్యాదకు అన్న మాటా? ఇతరులకు అప్రయత్నంగా అబ్బే ఈ విద్యను ఆమె చిన్ననాటి నుంచి ఎక్కాల వలె వల్లె వేసి నేర్చుకున్నది. అలవాటైన క్రమం తప్పితే తల్లడిల్లుతుంది. అంతమాత్రాన ఆమె హృదయం లేనిది కాదు. ఇతరుల దుఃఖానికి ఆమె కూడా కరిగిపోవచ్చు.

ఇటువంటి స్త్రీలను గుర్తించడంలో ఎంతో ఆలస్యం జరిగింది. 1943లో లియో కానర్ వర్ణించిన 11 మంది పిల్లలలో 8 మంది మగపిల్లలే. 1944లో హాన్స్ ఆస్పెర్గర్ వర్ణించిన నలుగురూ బాలురే. ఆడపిల్ల ముడుచుకొని కూర్చుంటే పెద్దలకు అది అణకువగా తోచింది. నేర్చుకున్న నేర్పుల చాటున లక్షణాలు మరుగుపడవచ్చునని అమెరికా మనోవైద్యుల సంఘం 2013 నాటి ప్రమాణ గ్రంథంలో పేర్కొన్నది. ధ్వని, స్పర్శల పట్ల అసాధారణ స్పందనను కూడా ఆటిజం లక్షణాలలో చేర్చింది. కనుక చప్పుడు భరించలేకపోవడం ఒక్కటే చూసి ఇద్దరినీ వేరు చేయలేము. బాల్యం నాటి సంగతులను విచారించి, నిపుణులైన మనోవైద్యులు లేదా మనస్తత్వవేత్తలు తేల్చవలసిన విషయమిది.

పేరులో ఏమున్నదని కొందరంటారు. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది; అతి సున్నితత్వానికి అందులో చోటు లేదు. అంతకుమించి, "అందరివలె ఎందుకు ఉండలేవు?" అన్న నిందను నలభై ఏళ్లు మోసిన స్త్రీకి, తన కష్టం మొండితనం కాదని తెలియడమే పెద్ద ఊరట.