పాలపిట్టా? లకుముకా?

మొన్న దసరాకి ఊరెళ్ళాను. సాయంత్రం జమ్మిచెట్టు దగ్గరికి నడుస్తుంటే కరెంటు తీగ మీద నీలంగా మెరుస్తూ ఒక పిట్ట. "అదిగో పాలపిట్ట, దణ్ణం పెట్టుకో!" అని మా అమ్మాయికి గొప్పగా చూపించాను. పక్కనే ఉన్న బాబాయి పకపకా నవ్వి, "ఒరేయ్, అది లకుముకి రా. ముందు ముక్కు చూడు" అన్నాడు.

ఇన్నేళ్ళుగా నేను దణ్ణం పెట్టిన పాలపిట్టల్లో ఎన్ని లకుముకులున్నాయో ఆ దేవుడికే తెలియాలి!

తప్పెక్కడంటే, రంగుని నమ్ముకున్నాను. మా ప్రోగ్రామర్ల భాషలో రంగుని ప్రైమరీ కీ అనుకున్నానన్నమాట. వెలుతురు మారితే రంగూ మారుతుంది. తెలియని పిట్ట కనిపిస్తే ముందు సైజు చూడాలి (మైనా అంతా? కాకి అంతా?), తర్వాత ముక్కు, కూర్చునే తీరు. రంగులు ఆఖర్న.

లకుముకి ముక్కు పొడుగ్గా, లావుగా, ఎర్రగా ఉంటుంది. తల చాక్లెట్ రంగు, గొంతూ రొమ్మూ తెలుపు, వీపు నీలం. చెరువు లేదు కదా అని కొట్టిపారేయకండి, మిడతలూ తొండలూ తింటూ పొలాల్లో కూడా బతికేస్తుంది. పాలపిట్టకి ముక్కు నల్లగా, పొట్టిగా ఉంటుంది. కూర్చున్నప్పుడు గోధుమరంగు రొమ్ముతో ఓ మాదిరిగా కనిపిస్తుంది. రెక్క విప్పితేనే ముదురు నీలం, లేత నీలం పట్టీలు బయటపడతాయి.

ఫోన్లో ఫోటో పెడితే మెర్లిన్ లాంటి యాప్ పేరు చెప్పేస్తుంది, నిజమే. కానీ ముందు మన కన్ను ఓ జవాబు చెప్పాలి, యాప్ సరిచూడ్డానికి. లేకపోతే పేరు తెలుస్తుంది గానీ పిట్ట తెలియదు.

ఈ గొడవంతా ఎందుకంటారా? దసరానాడు పాలపిట్టని చూస్తే మంచిదని, దాన్ని పట్టి, రెక్కలు కట్టేసి, పంజరంలో చూపించి డబ్బులు తీసుకునేవాళ్ళున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. తెలంగాణ 2014లో దీన్నే రాష్ట్ర పక్షిగా ప్రకటించింది కూడా. మనకి తీగమీది పిట్టని గుర్తుపట్టడం వస్తే పంజరం వాడికి బేరమేదీ?

తిరిగొస్తుంటే మరో తీగ మీద మట్టిరంగు పిట్ట, ఎవరూ పట్టించుకోలేదు. "ముక్కు నల్లగా, పొట్టిగా ఉంది నాన్నా" అంది మా అమ్మాయి. అంతలోనే అది రెక్కలు విప్పి ఎగిరింది. నీలం!

ఈసారి ముగ్గురం దణ్ణం పెట్టాం.