సరకు ముందా, పత్రము ముందా?

రేవులో దిగిన సరకు వర్తకుని చేతికి వచ్చుటకు ముందు ప్రభుత్వమునకు రెండు ప్రశ్నలు తేలవలసియున్నవి. ఈ సరకు దేశములోనికి రాదగినదా, కాదా యనునది మొదటిది. దీనిపై రావలసిన సుంకమెంత యనునది రెండవది. మొదటి ప్రశ్నకు జవాబు రేవు గుమ్మము దాటకముందే దొరకవలెను. అందు సందేహము లేదు. రెండవదానికి జవాబు, తగిన పూచీకత్తు చేతిలోనున్నచో, పదిదినముల తరువాత దొరకినను ఖజానాకు కాసైనను నష్టము రాదు. ఈ రెంటిని ఒకే కాగితముపై, ఒకే గుమ్మమున, ఒకే గడియలో తేల్చవలెనను పట్టుదల మన చట్టమునకు గలదు. సరకు నిలిచిపోవుటకు గల ముఖ్యకారణములలో ఇది యొకటి యని మా యభిప్రాయము.

చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1878 నాటి సముద్రపు సుంకముల చట్టము పోయి 1962 నాటి కస్టమ్సు చట్టము వచ్చినది. అందలి 46వ సెక్షను ననుసరించి దిగుమతిదారుడు ‘బిల్ ఆఫ్ ఎంట్రీ’ యను పత్రమును దాఖలు చేయవలెను. ఆ పత్రమును పురస్కరించుకొని సుంకము నిర్ణయమై, 47వ సెక్షను క్రింద అధికారి యుత్తరువు వచ్చినగాని సరకు కదలదు. 2017లో, ఓడ వచ్చిన మరునాటిలోగా పత్రము దాఖలు కావలెనని నియమము చేసిరి. 2021లో దానిని ఇంకను బిగించి, ఓడ వచ్చుటకు ముందుదినము ముగియులోపలనే, అది సెలవుదినమైనను సరే, దాఖలు కావలెననిరి. సమీపదేశములనుండి వచ్చు ఓడలవంటివానికి మాత్రము కొంత మినహాయింపు గలదు. జాగు జరిగెనా, మొదటి మూడు దినములకు దినమునకు 5,000 రూపాయలు, ఆ పైని దినమునకు 10,000 రూపాయలు వర్తకుడు చెల్లించుకొనవలెను.

పత్రము ముందుగా రావలెనని కోరుటను మేము తప్పుపట్టము. వర్తకునికి దినములు లెక్కపెట్టిన చట్టము అధికారికి గంటలు లెక్కపెట్టలేదనుటయే మా యాక్షేపణ. పత్రము దాఖలైన తరువాత ఇన్ని గంటలలో సరకును విడువవలెనని ఆ సెక్షనులలో నెచ్చటను లేదు. సరకునుగూర్చిన పూర్తివివరములు తనయొద్ద లేవని వర్తకుడు ఒప్పుకొన్నచో, దానిని అధికారి సమక్షమున పరీక్షించుకొనుటకో, గిడ్డంగిలో పెట్టించుటకో యనుమతి దొరకును. ఇంటికి తీసికొనిపోవుటకు మాత్రము దొరకదు.

అమెరికాలో 1930 నాటి టారిఫ్ చట్టము 448వ సెక్షనులోనే దీనికొక దారి యేర్పరచిరి. చెడిపోవు సరకును, తక్షణము అందవలసిన ఇతర సరకును, లాంఛనముగా పత్రము దాఖలు కాకముందే ప్రత్యేకానుమతిపై విడువవచ్చును. వర్తకుడు ముందుగా పూచీకత్తు వ్రాసియిచ్చి, సరకు రాకముందే దరఖాస్తు పెట్టుకొనును. సరకు విడుదలయైన పది పనిదినములలోగా పూర్తి లెక్కను దాఖలుచేసి సుంకము కట్టును. గడువు తప్పినచో పూచీకత్తుపై పరిహారము వసూలగును. మరల మరల తప్పినచో ఆ సదుపాయమే పోవును. కెనడా, మెక్సికోలనుండి భూమార్గమున వచ్చు సరకునకును, ప్రభుత్వశాఖలు తెప్పించుకొను సరకునకును, ప్రదర్శనలకు వచ్చు వస్తువులకును ఈ పద్ధతి వర్తించును. ఆహారమును, పైరుతెగుళ్లను పరీక్షించు శాఖలవారి తనిఖీ మాత్రము తప్పదు. అనగా మొదటి ప్రశ్న గుమ్మమునొద్దనే తేలును. రెండవది మాత్రమే వాయిదాపడును.

అమెరికావారు చేసినది మనము చేయవలెనని మాకు వ్యామోహము లేదు. కాని ఈ సూత్రము మనమును ఒప్పుకొన్నదే. ప్రపంచ వాణిజ్యసంస్థవారి వాణిజ్య సౌలభ్యపు ఒడంబడికను భారతదేశము 2016 ఏప్రిలులో అంగీకరించినది. అది 2017 ఫిబ్రవరి 22వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. సుంకము కడపట నిర్ణయము కాకున్నను హామీపై సరకును విడువవలెనని అందలి 7వ అధికరణము చెప్పుచున్నది. మన 18వ సెక్షను క్రింద తాత్కాలికముగా సుంకము కట్టి, హామీపై సరకును విడిపించుకొను పద్ధతి చిరకాలముగా నున్నదే. ఆ తాత్కాలిక నిర్ణయము ఏండ్లతరబడి తేలకుండుటయు పరిపాటియైయుండెను. 2025లో రెండేండ్ల గడువును, అవసరమైన మరియొక యేడాదిని చట్టములో చేర్చిరి, సంతోషము. అయితే దానికిని పత్రము ముందు దాఖలు కావలసినదే. మనము కోరునది ఇంకొక్క అడుగు మాత్రమే.

ఆ యడుగు ఎవరికి కావలెనని కొందరడుగవచ్చును. నెల్లూరు మొదలు గోదావరి మండలములవరకు పొలములను రొయ్యల చెరువులుగా మార్చుకొన్న మన రైతుల సంగతి తీసికొనుడు. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చిన పిమ్మట, మన తీరములోని హేచరీలు తల్లి రొయ్యలను విదేశములనుండి విమానములమీద చెన్నైకి తెప్పించుకొనుచున్నవి. అవి నీలాంకరైలోని క్వారంటైను కేంద్రములో రోగపరీక్షకు నిలువవలెను. అది అత్యవసరము, తెల్లమచ్చ తెగులు ఒక్క చెరువున పడినచో నేమగునో మన రైతులకు మేము చెప్పనక్కరలేదు. కాని సంచులలోని నీటియందు సముద్రములు దాటివచ్చిన ప్రాణికి సుంకపు లెక్కతో నేమి పని? ఇట్టి సరకును అధికారులు త్వరగా విడిచిపెట్టుట గలదు. అది వారి దయాధర్మము. చట్టములో హక్కుగా నుండవలసినది దయగా నుండుటను మేము మెచ్చము. 2021 ఏప్రిలులో ఆక్సిజనునకై జనులు అలమటించినప్పుడు, దానికి సంబంధించిన యంత్రసామగ్రిపై సుంకమును మూడు నెలలు తీసివేసి, ఆ సరకును ముందుగా విడువుడని ప్రభుత్వమే ఆదేశించెను. ఆపత్కాలమున సాధ్యమైనది మామూలు కాలమున ఏల సాధ్యము కాదు?

దీనికి వచ్చు ప్రబలమైన ఆక్షేపణ మాకు తెలియును. 2021 సెప్టెంబరులో ముంద్రా రేవున ఇంచుమించు 3,000 కిలోల హెరాయిను పట్టుబడినది. టాల్కు రాయి యను పేర అది ఆఫ్గనిస్థానమునుండి ఇరాను మీదుగా వచ్చెను. తెప్పించిన సంస్థ చిరునామా మన బెజవాడయే! ఇట్టి కాలమున కట్లు సడలింతురా యని అడుగువారు కలరు. మా జవాబిది: ఆ సరకును పట్టించినది సుంకపు పత్రము కాదు, రెవిన్యూ నిఘాశాఖవారికి చేరిన రహస్యసమాచారము. పత్రమునందు టాల్కు రాయి యనియే యుండెను. దొంగ సరకు తెచ్చువాడు కాగితము సక్రమముగా నుంచుటయందు ఇతరులకంటె జాగరూకుడై యుండును. విలువలు లెక్కగట్టు కూర్పులో మునిగియున్న అధికారి చేతులను ఖాళీచేసి, అనుమానాస్పదమైన పెట్టెలను విప్పించుటకు వినియోగించుట మేలు.

సదుపాయములు అసలే లేవని మేమనము. నమ్మకస్తులైన వర్తకులను గుర్తించి, సుంకమును వాయిదామీద కట్టుకొననిచ్చు పద్ధతి 2016 నుండి యున్నది. ఆ గుర్తింపునకు ఏడాదికి 25 పత్రములైన నడిపినవాడై యుండవలెననిరి; చిన్న పరిశ్రమలవారికి తరువాత 10కి తగ్గించిరి. ఏడాదికి మూడుమార్లు యంత్రభాగము తెప్పించుకొను కాకినాడ మిల్లువాడు ఈ లెక్కలో నెచ్చటనున్నాడు? ఆగిన దినములకు అద్దె చెల్లించువాడు మాత్రము అతడే. అధికారులు నిష్కారణముగా సరకును ఆపినను, దానిని కాపాడినవారికి డెమరేజి చెల్లింపక తప్పదని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2009 నియమములు ఆపబడిన సరకుపై అద్దె వసూలు చేయరాదన్నను, పెట్టె అద్దెకు అది వర్తింపదని ఓడ కంపెనీలు వాదించుచు వచ్చినవి. 2023 జాతీయ కొలతల ప్రకారము సముద్రపు రేవులలో సరకు విడుదలకు పట్టిన సగటు కాలము 85 గంటల 42 నిమిషములు. ప్రభుత్వము పెట్టుకొన్న లక్ష్యము 48 గంటలు. ఈ జాగంతయు కచేరీదే యనుట న్యాయము కాదు. ముందుగా పత్రము వేయనివారును, నిర్ణయమైన సుంకమును కట్టక నాన్చువారును వర్తకులలో కలరు. వారికొరకు మేము వకాల్తా పుచ్చుకొనుట లేదు.

కావలసిన సవరణ పెద్దది కాదు. ప్రాణముగల సరకు, చెడిపోవు సరకు, మందులు, ఆగిన యంత్రమునకు కావలసిన భాగములు – వీనికి 46వ సెక్షనులో ఒక మినహాయింపు చేర్చవలెను. పూచీకత్తు ఇచ్చిన వర్తకుడెవడైనను, పెద్దవాడైనను చిన్నవాడైనను, రక్షణ తనిఖీ ముగిసిన వెంటనే సరకు తీసికొనిపోవచ్చును. పది పనిదినములలో లెక్క యొప్పగించవలెను. రెండుమార్లు తప్పినవాడు ఆ హక్కును కోల్పోవును. అధికారి నిరాకరించినచో పన్నెండు గంటలలోగా కారణమును వ్రాతమూలకముగా ఈయవలెను. ఈయనిచో ఆ పైని డెమరేజిని శాఖయే భరింపవలెను. కడపటి నిబంధనకే ఢిల్లీ కచేరీలలో ఎక్కువ ప్రతిఘటన యుండునని మేమెరుగుదుము. విశాఖ, కాకినాడ వర్తకసంఘములు రాబోవు బడ్జెటునకు పంపు విజ్ఞాపనలలో ఆ నిబంధననే మొట్టమొదట వ్రాయవలెను.