మూడక్షరాల పేరు – ముందు చూడవలసినది

షోడశ సంస్కారాలలో నామకరణం ఒకటి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో చాలా ఇళ్లలో 21వ నాడు శిశువును తొట్టెలలో వేసి పేరు పెడతారు. ఈ మధ్య ఆ వేడుకకు ముందు తరచుగా వినిపిస్తున్న మాట ‘మూడక్షరాల పేరు కావాలి’ అన్నది. నక్షత్ర పాదాన్ని బట్టి తొలి అక్షరం, వినసొంపుగా మరో రెండు. అర్థం సంగతి ఆ తర్వాత. ఈ వరుస తలకిందులైనదని పాఠకులకు మనవి.

అక్షరాల లెక్క శాస్త్రంలో లేకపోలేదు. మగశిశువుకు రెండు లేక నాలుగు అక్షరాలు, ఆడశిశువుకు బేసి సంఖ్యలో అక్షరాలు ఉండాలని పారస్కర గృహ్యసూత్రం చెబుతోంది. పార్వతి, జానకి, రుక్మిణి, ద్రౌపది అన్నీ మూడక్షరాలే. అయితే ఈ లెక్క అచ్చులను బట్టి జరుగుతుంది. పొల్లు హల్లు లెక్కకు రాదు. ‘చరణ్’ అని మూడు అక్షరాలుగా రాసినా లెక్కకు వచ్చేవి రెండే.

మరి మగపిల్లలకు మూడక్షరాలు తగవా? వాల్మీకి రామాయణంలో దశరథుని కుమారులకు పేర్లు పెట్టినవాడు సాక్షాత్తు వశిష్ఠ మహర్షి. రాముని పేరు రెండక్షరాలు. భరత, లక్ష్మణ, శత్రుఘ్న నామాలు మూడేసి అక్షరాలు. సీతమ్మ పేరూ బేసి కాదు. కనుక లెక్క ఒక మార్గమే గాని పేరుకు ప్రాణం కాదు. స్త్రీల పేర్లు సులువుగా పలికేవిగా, అర్థం స్పష్టమయ్యేవిగా, మంగళకరంగా ఉండాలని మనుస్మృతి చెప్పింది. ఈ గుణాలు ఏ శిశువు పేరుకైనా శోభనిస్తాయి.

మన ప్రాంతపు పెద్దలు ఈ మర్మాన్ని సహజంగానే పాటించారు. వేములవాడ రాజరాజేశ్వరస్వామిని ‘రాజన్న’ అని, కొండగట్టు ఆంజనేయుని ‘అంజన్న’ అని మూడక్షరాలలో పిలుచుకున్నారు. 2016లో ఏర్పడిన సిరిసిల్ల జిల్లాకు కూడా రాజన్న పేరే ముందు నిలిచింది. రాజయ్య, రాజవ్వ, అంజయ్య, నర్సయ్య, గంగవ్వ – ఇవన్నీ బిడ్డను పిలిచిన ప్రతిసారీ దైవాన్ని తలపించే పేర్లు. కుమారుని ‘నారాయణా’ అని పిలిచి అజామిళుడు తరించిన కథ భాగవతంలో ఉన్నదే కదా.

‘ఆ పాతపేర్లు పెడితే బడిలో పిల్లలు నవ్వరా?’ అని మీరు అడగవచ్చు. ఆ సంకోచం సహజమే. శబ్దం మారినా భావాన్ని నిలుపుకోవచ్చు. గంగవ్వ మనవరాలు ‘జాహ్నవి’ కావచ్చు. ధర్మపురిని పావనం చేసే గోదావరి పేరిట ‘గౌతమి’ ఉన్నది. అంజయ్య మనవడు ‘మారుతి’, నర్సయ్య మనవడు ‘శ్రీహరి’, రాజయ్య మనవడు ‘శంకర’ కావచ్చు. అన్నీ మూడక్షరాలే. తాతల దైవమూ తప్పిపోదు.

తొట్టెల వేడుకకు ముందు మీరు అనుకున్న పేరును ఇంటి పెద్దావిడతో ఒకసారి పిలిపించండి. గల్ఫ్‌లో ఉన్న తండ్రి చేత ఫోనులో పలికించండి. అర్థమేమిటని అడిగితే చెప్పగలరేమో మీరే చూసుకోండి. ఇవన్నీ కుదిరాక అక్షరాలు లెక్కపెట్టండి. మూడైతే సంతోషం. నాలుగైనా లోపం లేదు.