సీత అని పేరు పెడితే కష్టాలొస్తాయా?

శ్రీరామనవమికి ఊరంతా పందిళ్లు వేసి సీతమ్మ పెళ్లి చేస్తాం. భద్రాచలం తలంబ్రాలు కళ్లకద్దుకుని దాచుకుంటాం. మనింట్లో ఆడపిల్ల పుడితే మాత్రం సీత అని పేరు పెట్టడానికి జంకుతాం. "అమ్మో, ఆ తల్లి పడ్డ కష్టాలు పగవాళ్లకి కూడా వద్దు" అంటాం.

అసలు సీత అంటే నాగటి చాలు. యాగం కోసం పొలం దున్నుతుంటే చాల్లో దొరికింది కనుక ఆ పేరు వచ్చిందని వాల్మీకి రామాయణం బాలకాండలో జనక మహారాజే చెప్తాడు. ఋగ్వేదం 4వ మండలం 57వ సూక్తంలో సీతని పంటల దేవతగా కొలిచారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాజుగారి సేద్యం చూసే అధికారి పేరు సీతాధ్యక్షుడు. అంటే ఈ పేరులో ఉన్నది కన్నీళ్లు కాదు, పంట.

మొన్న మా పక్కింటి పిన్నిగారి మనవరాలు శతభిషం మూడో పాదంలో పుట్టింది. 'సీ' అక్షరం వచ్చింది కదా అని తల్లి సీత అంటే, "అక్షరం కలవకపోయినా సరే, జానకి అని పెట్టండి" అన్నారు పెద్దవాళ్లు. జానకి మాత్రం అడవులకి వెళ్లలేదూ?

జానకి అంటే జనకుడి కూతురు. వైదేహి విదేహ రాజ్యపు పిల్ల. మైథిలి మిథిల అమ్మాయి. అవన్నీ తండ్రినో, పుట్టిన చోటునో చెప్పే పేర్లు. అచ్చంగా ఆమెకని పెట్టింది సీత ఒక్కటే. ఫలానా వారి కోడలు, ఫలానా బాబు వాళ్లమ్మ అనిపించుకుంటూ సొంత పేరే మరిచిపోయే మనకి ఆ తేడా తెలీదూ?

పేరుని బట్టే రాత ఉంటే లక్ష్మి ఉన్న ప్రతి ఇంట్లోనూ బీరువా నిండాలి! "సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి" అని ఊరికే అన్నారా? కష్టాలు ఏ పేరున్న వాళ్లకైనా వస్తాయి. రావణుడికి లొంగకుండా నిలబడిన ధైర్యం, ఆశ్రమంలో ఇద్దరు కొడుకుల్ని పెంచిన ఓర్పు, మళ్లీ రుజువు అడిగితే భూదేవి ఒడికే వెళ్లిపోయిన అభిమానం కూడా ఆ తల్లివేగా!

నచ్చితే నిర్భయంగా పెట్టుకోండి. రేపు పాప పెద్దదై "నా పేరుకి అర్థమేంటమ్మా?" అంటే అడవుల కథతో మొదలుపెట్టకండి. "విత్తనం పడే చోటు తల్లీ" అని చెప్పండి.