వెతికినందుకూ కూలి ఇద్దాం

మా పాత పెట్రోలు కారు 2002 నాటిది. పొద్దున్నే ఒక్క సెల్ఫుకే అందుకునేది. బజారుకెళ్లి కూరగాయలు కొనుక్కుని వచ్చి మళ్లీ తాళం తిప్పితే మాత్రం మొరాయించేది. ఎలాగో స్టార్టయ్యాక నల్లపొగ, గుప్పున పెట్రోలు వాసన. లీటరుకి 14 ఇచ్చే బండి 9కి పడిపోయింది. మొదట చూపించిన షెడ్డులో ప్లగ్గులు మార్చారు, ఇంజెక్టర్లు కడిగారు, ఆఖరికి పెట్రోలు పంపు కూడా కొత్తది వేశారు. 7,800 రూపాయలయ్యాయి. పొగ పోలేదు.

కూలెంట్ సెన్సార్‌ని ఎవరూ అనుమానించలేదు. టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ మధ్యలోనే ఉండేది మరి. కానీ చాలా పాత బళ్లలో ఆ ముల్లుకి ఒక సెన్సారు, ఇంజిన్ కంప్యూటర్‌కి వేరే సెన్సారు ఉంటాయి. రెండోది పాడైతే ముల్లుకి తెలియదు. కంప్యూటర్ మాత్రం ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది.

విజయవాడ ఆటోనగర్‌లో వైరింగ్ పని చేసే ఒక పెద్దాయన నేను చెప్పిందంతా విన్నారు. ఇంజిన్ చల్లారేదాకా ఆగారు. కప్లర్ పీకి వైరు వైపు మీటర్ పెడితే 5 వోల్టులు చూపించింది. ‘‘వైరు బాగుంది మాస్టారూ’’ అన్నారు. తర్వాత సెన్సార్ విప్పి, పిన్నులకి మీటర్ తగిలించి, టీ కొట్టు నుంచి తెప్పించిన మరిగే నీళ్ల స్టీలు గ్లాసులో దాని ఇత్తడి మూతి ముంచారు. ఇంటర్ పిల్లలకి నేను ఏళ్ల తరబడి చెప్పిన పాఠమే అది: సెన్సార్ లోపల ఉండే ఈ రకం థర్మిస్టర్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గాలి. ఇలాంటి సెన్సార్లు చాలావరకు 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు చూపిస్తాయి, 80 డిగ్రీలకి మూడు వందల చిల్లరకి దిగుతాయి. మాది 2,100 దగ్గర ఆగింది. గ్లాసులోంచి ఆవిరి వస్తూనే ఉంది, అంకె కదల్లేదు.

కొత్త సెన్సార్ 450. బిగించినందుకు 150 అడిగారు. అరగంట వెతికినదానికి ఏమీ అడగలేదు. ‘‘దానికెవరిస్తారు మాస్టారూ?’’ అన్నారు.

నా బాధ అక్కడే. సామాను మారిస్తే బిల్లు రాయొచ్చు, వెతికితే రాయడానికి లేదు. ఇక ఎవరైనా ఎందుకు వెతుకుతారు? ఈ అలవాటు చేసింది మనమే. డాక్టరు మందు రాయకపోయినా ఫీజిచ్చి వస్తాం, షెడ్డులో మాత్రం ‘‘ఊరికే చూశావు కదా’’ అంటాం. ఇప్పుడు బండి అప్పజెప్పేటప్పుడే చెబుతున్నాను: ముందు కొలవండి, ఆ పనికి 300 విడిగా ఇస్తాను, మీటర్‌లో వచ్చిన అంకెలు కాగితం మీద రాసివ్వండి. ఆ రోజు పెద్దాయన చేతిలోనూ అంతే పెట్టాను.